కూర్చున్న చోటికే టీ

సోమవారం పొద్దున టీ గంట మోగగానే కాలరక్క మిషను ఆపి లేచింది. లైను సూపర్‌వైజరు చెయ్యెత్తాడు.

"కూర్చో, కూర్చో. ఎవరూ లేవక్కర్లేదు. ఇవాళ్టి నుంచి టీ మీ దగ్గరికే వస్తుంది."

హాలు చివర సరుకుల లిఫ్టు తలుపు తెరుచుకుని కొత్త బండి బయటికొచ్చింది. రబ్బరు చక్రాలు, పైన స్టీలు డ్రమ్ము, కింద అరలో కప్పులు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. బొత్తాల పిన్ని ఈల వేయబోయింది గానీ పళ్ళ సందుల్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

"మహారాణులమైపోయామే! కూర్చున్న చోటికే టీ!"

"కాళ్ళు పట్టేవాళ్ళు ఎప్పట్నుంచి వస్తారో కూడా అడుగు పిన్నీ" అంది జేబుల పిల్ల.

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఎవరు ఏ ముక్క కుడితే అదే వాళ్ళ పేరు. కాలర్లు కుట్టేది కాలరక్క, జేబులు కుట్టేది జేబుల పిల్ల, బొత్తాలు వేసేది బొత్తాల పిన్ని. ఏ ముక్కా కుట్టని సూపర్‌వైజరుకి, ఎప్పుడూ మణికట్టు ఎత్తి చూసుకుంటాడు గనక, గడియారం అని పెట్టుకున్నారు. అది అతని ముందు అనరు.

కాలరక్క మాత్రం చప్పట్లు కొట్టలేదు. టీ కోసం ఆమె రోజూ ఈ మూడో అంతస్తు నుంచి మెట్లు దిగి, ఆవరణ దాటి, ఆ చివరనున్న క్యాంటీను దాకా వెళ్ళేది. అందరూ బల్లల మీద చతికిలబడితే తను గేటు దాకా చకచకా నడిచి, తిరిగొచ్చి, నిలబడి రెండు గుక్కలు తాగి, మళ్ళీ మెట్లెక్కేది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఆ నడక ఆమెకి మందు. ఇప్పుడు ఆ మందు సీసాని ఎవరో చేతిలోంచి లాక్కుని, బదులుగా మిఠాయి పెట్టినట్టుంది.

బండి ఆమె దగ్గర ఆగింది. తోస్తున్నది ఆమె తోటికోడలే. ఇంట్లో అందరూ చిన్నది అంటారు. పెళ్ళయిన నాటి నుంచి గడప దాటని మనిషి, ఇవాళే పనిలో చేరింది. కొత్త ఏప్రను కట్టుకుని, జుట్టు బిగించి దువ్వి, ముఖం వెలిగిపోతూ మొదటి కప్పు నింపి చాపింది.

"తీసుకో అక్కా."

"నాకొద్దు."

చిన్నది చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. కాలరక్క మెట్ల వైపు నడిచింది. గడియారం అడ్డం వచ్చాడు.

"ఎక్కడికి?"

"నడిచొస్తాను సార్."

"ఎందుకు? టీ ఇక్కడే ఉందిగా."

"టీ కోసం కాదు. నడక కోసం."

"టీ టైము టీ తాగడానికి. క్యాంటీను ఇక లేదు, గోదాము చేస్తున్నాం. కింద నీకేం పనీ లేదు. వెళ్ళి కూర్చో."

కూర్చుంది. ఎదుటివాడు తిడితే తిరిగి తిట్టొచ్చు. టీ పోస్తే ఏమనాలి? మంచితనం ముసుగేసుకుని వచ్చిన దెబ్బకి ఏడ్చినా నవ్వుతారు. చుట్టూ అందరూ ఒక చేత్తో కప్పు పట్టుకుని, ఇంకో చేత్తో బట్ట సర్దుతున్నారు. పక్క వరసలో ఒక మిషను ఆగనే లేదు. టీ టైములో మిషను చప్పుడు వినడం అందరికీ అదే మొదటిసారి. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో గిన్నెలు మామూలు కన్నా గట్టిగా మోగాయి. అన్నదమ్ములిద్దరి కుటుంబాలకీ ఒకటే వంటిల్లు. ఇద్దరు ఆడవాళ్ళు నిలబడితే మూడో మనిషి గుమ్మంలోనే ఆగాలి. గుమ్మంలో మరిది నిలబడ్డాడు, చోద్యం చూడ్డానికి.

"మొదటి కప్పు నీకే పోశాను" అంది చిన్నది వెనక్కి తిరగకుండా. "అందరి ముందూ వద్దన్నావు. నాకు పని దొరికితే నీ కళ్ళల్లో కారం పడిందా అక్కా?"

"నీ పనితో నాకేంటే! నా నడక పోయింది."

"నడక పోవడమేంటి? కాళ్ళున్నాయిగా?"

"కాళ్ళున్నాయి. టైమేదీ? పొద్దున వంట, బస్సు. సాయంత్రం బస్సు, వంట. మధ్యలో కూర్చుని కుట్టడం. ఆ టీ టైమొక్కటే నాకు నడిచే వీలు. శుక్రవారం డాక్టరు చూస్తాడు. నెత్తుటి పోటు తగ్గలేదంటే కాలరు మిషను నుంచి తీసేస్తారు. సూది ముందు కళ్ళు తిరిగితే వేలు పోతుందని దారాలు కత్తిరించే బల్ల దగ్గర పడేస్తారు. ఇన్నేళ్ళు కాలరు కుట్టిన చేత్తో దారాలు కత్తిరిస్తూ కూర్చోవాలి నేను."

చిన్నది గరిటె కింద పెట్టింది. మరిది కల్పించుకున్నాడు.

"వదినా, నేనూ రోజంతా లారీలో ఊరంతా తిరుగుతాను. నాకేమయింది, రాయిలా ఉన్నాను."

"తిరిగేది లారీ. నువ్వు కూర్చునే ఉంటావు."

"కాళ్ళతో బ్రేకులు తొక్కనా?"

"నేనూ రోజంతా మిషను తొక్కుతాను. అదీ వ్యాయామమే అనుకున్నాను. మా ఫ్యాక్టరీ నర్సమ్మ నవ్వింది. మిషను నడిపేది మోటారు, నీ పాదం దాని స్విచ్చు అంది. స్విచ్చు నొక్కితే గుండెకి పని తగలదట."

"పొట్ట చూసుకుని మాట్లాడండి" అంది చిన్నది మొగుడితో. "రాయట, రాయి. రుబ్బురోలు."

నవ్వొచ్చింది గానీ కాలరక్క నవ్వలేదు. తోటికోడలూ నవ్వలేదు. కంచాలు పెట్టుకున్నారు, తిన్నారు. ఆ పూట ఇద్దరి మధ్యా ఇంకో మాట లేదు.

మంగళవారం కాలరక్క ఒక వెర్రి పని చేసింది. పోయిన నడకంతా ఒక్కసారిగా పూడ్చుకుందామనుకుంది. మధ్యాహ్నం భోజనానికి ఇప్పుడు మిషన్ల సందుల్లోనే డబ్బాలు విప్పుతున్నారు. తన డబ్బా విప్పకుండానే మెట్ల దగ్గరికి పోయి దిగడం, ఎక్కడం మొదలుపెట్టింది. నడవడం కాదు, పరుగు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెయిలింగు ఇంకో చేత్తో లాగుతూ. మొదటిసారి కోపంతో ఎక్కింది. రెండోసారి పంతంతో ఎక్కింది. మూడోసారి సగంలో మెట్లు కళ్ళ ముందు మెత్తబడ్డాయి. గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. నోట్లో ఇనుము రుచి. చెవుల్లో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు.

బొత్తాల పిన్ని చూసి, రెక్క పట్టుకుని కింది అంతస్తులోని మందుల గదికి దించింది. అక్కడ గోడ మీద కంపెనీ వేయించిన పెద్ద బొమ్మ ఉంది. నవ్వుతూ నడుస్తున్న మనిషి, పక్కన ఎర్రటి గుండె, కింద 'రోజూ నడవండి, గుండెను కాపాడుకోండి' అని అక్షరాలు. పిన్ని దాన్ని పైకీ కిందికీ చూసి, "ఎక్కడ నడవాలో రాయలేదే" అని పైకెళ్ళిపోయింది.

నర్సమ్మ పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలి, మళ్ళీ కాసేపాగి కొట్టింది.

"ఏం చేశావు?"

చెప్పింది.

"వారం తిండి ఒక్క పూటే తింటావా?"

"నడక ఆపేశారు నర్సమ్మా. శుక్రవారం పరీక్ష."

"అందుకని చచ్చి చూపిస్తావా డాక్టరుకి? నీకు ఏమని చెప్పాను? మొదట మెల్లగా, ఒళ్ళు వెచ్చబడ్డాక చురుగ్గా, ఆఖర్న మళ్ళీ మెల్లగా. పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంత జోరు చాలు. నోట మాట రానంత పరిగెడితే అది నీకిప్పుడు మందు కాదు, విషం."

"పరిగెడితే గుండె ఎక్కువ గట్టిపడదా?"

నర్సమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. గదిలో ఇంకెవరూ లేరు.

"విను. నడుస్తుంటే తొడలు, పిక్కలు, పిరుదులు, ఈ పెద్ద కండలన్నీ ఆగకుండా ఒకే లయలో పనిచేస్తాయి. పని చేసే కండ గాలి అడుగుతుంది. ఊపిరితిత్తులు గాలి పీలుస్తాయి, నెత్తురు మోస్తుంది, గుండె తోస్తుంది. రోజూ అడుగుతుంటే గుండె ఏం చేస్తుంది? అదీ కండే కదా, బలుస్తుంది. ఒక్కో దెబ్బకి ఇదివరకటి కన్నా ఎక్కువ నెత్తురు తోస్తుంది. ఇక కూర్చున్నప్పుడు అన్నిసార్లు కొట్టుకోవలసిన పని ఉండదు."

కాలరక్క తన కుట్టుతో పోల్చి చూసుకుంది.

"కుట్టు పొడుగు పెంచితే అదే కాలరు తక్కువ కుట్లతో అయిపోయినట్టు."

"అలాగే అనుకో. కానీ పొడుగు కుట్టు వదులవుతుందంటారు కదా మీరు?"

"బట్టకి వదులు. గుండెకి కాదని మీరేగా అంటున్నారు."

నర్సమ్మ నవ్వింది. "నీతో గెలవలేను. ఇంకోటి. కండల్లో సన్న నాళాలు కొత్తవి పుడతాయి. కొవ్వునీ చక్కెరనీ ఆ గాలితో కాల్చే చిన్న చిన్న పొయ్యిలు కండ లోపల పెరుగుతాయి. నాళాల గోడలు మెత్తబడి సాగుతాయి, అందుకే పోటు దిగుతుంది. నిద్ర పడుతుంది. చిరాకు తగ్గుతుంది. ఇవన్నీ వారాల మీద జరిగేవి. పరిగెత్తించి ఒక్క పూటలో చేయించలేవు. ఆపేస్తే మటుకు ఎక్కువ రోజులు నిలవవు. గుండెకి మొహమాటం లేదు. నడిచినన్నాళ్ళే మాట వింటుంది."

"ఆపేస్తే పోతుందా, కట్టుకున్నదంతా?"

"మెల్లగా జారిపోతుంది. నీ పోటు ఇప్పటిదాకా బాగా దిగింది. అక్కడే పట్టుకో."

కాలరక్క లేచి నిలబడింది. కాళ్ళు నిలిచాయి. 'పట్టుకో' అనడం తేలికే. దేన్ని పట్టుకోవాలి? రెయిలింగునా?

బుధవారం పట్టుకుంది, అందరినీ. మధ్యాహ్నం డబ్బాలు విప్పే వేళ మిషన్ల మధ్య నిలబడి గొంతెత్తింది.

"అమ్మా, ఒక్క మాట. ఈ బండి మనకొద్దని చెబుదాం. కింద మన క్యాంటీను మనకిమ్మందాం. టీకి నడిచే వెళదాం."

వరస చివర నుంచి మొదలైన నవ్వు ముందు దాకా వచ్చింది.

"నీకు కాళ్ళు దురదపెడితే మాకెందుకక్కా శిక్ష?" అంది జేబుల పిల్ల. "నీ గుండె కోసం మా టీ చల్లారాలా?"

"నా గుండె ఒక్కదాని కోసమే అనుకుంటున్నావా? పొద్దున్నుంచి ఎన్నిసార్లు లేచావు? సాయంత్రం నీ పాదాలకి చెప్పులు పడుతున్నాయా?"

"పడకపోతే చేత్తో పట్టుకుపోతాను."

"మిషను ఆపి టీ తాగి ఎన్ని రోజులైందో చూశారా? సోమవారం ఒకే ఒక్క మిషను ఆగకుండా నడిచింది. ఇవాళ సగం మిషన్లు ఆగలేదు. మన టీ టైము తినేస్తున్నార్రా, మనకే కప్పులు చేతికిచ్చి!"

ఈసారి కొందరు నవ్వలేదు. కానీ ఎవరూ లేవలేదు కూడా. బొత్తాల పిన్ని మెల్లగా అంది, "నువ్వన్నది నిజమేనే. కానీ బండి వద్దంటే నీ తోటికోడలి పని పోతుంది. ఇంటికెళ్ళి ఏం చెబుతావు?"

కాలరక్క హాలు చివరికి చూసింది. లిఫ్టు పక్కన చిన్నది కప్పులు కడుగుతోంది. తలెత్తలేదు. విన్నదని మాత్రం ఆమె చేతులు చెబుతున్నాయి. కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతోంది.

గురువారం పొద్దున, కాలరక్క మాటలు చేయలేని పని జేబుల పిల్ల మోచేయి చేసింది. ఒక చేత్తో బట్ట తిప్పుతూ మిషను అంచున పెట్టిన కప్పుకి తగిలించింది. టీ పక్కబల్ల మీద కట్టి పెట్టిన తెల్ల కాలర్ల కట్ట మీదికి పారింది. పొద్దున్నుంచి కాలరక్క కుట్టినవన్నీ. పైనుంచి ఒక్కొక్కటీ గోధుమరంగు తాగుతుంటే ఇద్దరూ చూస్తూ ఉండిపోయారు.

గడియారం అరిచాడు. అరుపు విని మేనేజరే దిగొచ్చాడు. తడిసిన కాలరొకటి రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.

"మిషన్ల మధ్య టీ ఏంటి? ఇక మీదట ఈ హాల్లో నాకు ఒక్క కప్పు కనబడకూడదు."

"టీ ఆపేయమంటారా సార్?" అన్నాడు గడియారం.

"టీ ఆపమని నేననలేదు. ఇస్తున్న టీ ఆపితే గొడవవుతుంది. కప్పు కనబడకూడదన్నాను." అనేసి వెళ్ళిపోయాడు. పెద్దవాళ్ళ హుకుములు అలాగే ఉంటాయి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఎలాగన్నది కిందివాడి తలనొప్పి.

గడియారం తన తలనొప్పిని ఆడవాళ్ళ మెడల మీదికి దింపాడు. ఆ మధ్యాహ్నం టీ పోయించి, "కిందికి వంగి తాగండి. బల్ల మీదికి కప్పు రాకూడదు" అన్నాడు. నిజంగానే తాగించాడు. హాలు నిండా పెద్ద పెద్ద ఆడవాళ్ళు, మనవల్ని ఎత్తినవాళ్ళు కూడా, స్టూళ్ళ మీద నుంచి వంగి, మోకాళ్ళ మధ్య తల పెట్టి, దొంగతనంగా తాగినట్టు టీ తాగారు. బొత్తాల పిన్నికి నడుము పట్టేసి మళ్ళీ లేవలేకపోతే జేబుల పిల్ల పట్టి లేపింది.

పిన్ని ఈసారి జోకు వెయ్యలేదు. కప్పు అడుగున మిగిలింది నేల మీద పారబోసి, కప్పుని బండి మీద బోర్లించింది. ఆ చప్పుడు హాలంతా వినిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలు తుడుస్తూ చిన్నది తనే మాట కలిపింది, మూడు రోజుల తర్వాత.

"అక్కా, మేనేజరు అన్న మాట అచ్చంగా ఏంటి?"

"ఏముందే, ఆ హాల్లో కప్పు కనబడకూడదు, టీ మాత్రం ఆపకూడదు. తలా తోకా లేని మాట."

"ఆ హాల్లో. అంతేగా?"

"అంతే. ఎందుకు?"

"ఊరికే." తడి గుడ్డ పిండి ఆరేసింది. మళ్ళీ తనే అంది, "నాకు ఈ నాలుగు రోజులూ ఒళ్ళు తెలియకుండా నిద్ర పడుతోంది తెలుసా? ఇదివరకు రాత్రంతా ఇంటి పైకప్పు చూస్తూ పడుకునేదాన్ని. బండి తోస్తున్నాను కదా, అంతస్తు నుంచి అంతస్తుకి. నువ్వు చెప్పేది నర్సమ్మ మాట అనుకున్నాను. నా కాళ్ళు కూడా అదే చెబుతున్నాయి."

"నీ పని తీయించాలని కాదే నేనన్నది..."

"తెలుసులే. పడుకో. రేపు డాక్టరు దగ్గర కళ్ళు గుంటలు పడి కనబడకు."

శుక్రవారం పొద్దున డాక్టరు తలెత్తకుండా పోటు చూశాడు, నాడి చూశాడు, చిన్న పీట ఎక్కించి దించాడు, మళ్ళీ నాడి చూశాడు. అప్పుడు తలెత్తాడు.

"బాగా దిగింది. తొందరగా మామూలు స్థితికి వస్తోంది కూడా. మందులు మానకు. ఇంకో నెల చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే నీ మిషను నీదే. ఏం చేస్తున్నావో అదే చెయ్యి. ఆపకు."

"ఆపేశారండి."

"ఎవరు?"

"టీ వాళ్ళు."

డాక్టరుకి అర్థం కాలేదు. తర్వాతి మనిషిని పిలిచాడు. గెలుపూ కాదు, ఓటమీ కాదు. నెల గడువు. నెల నడిస్తే కాలరు, నెల కూర్చుంటే దారాలు. కాలరక్క మెట్లెక్కింది. తొందరపడకుండా, ఒక్కో అడుగూ మోపుతూ ఎక్కి, తన మిషను ముందు కూర్చుంది. ఆ పూట ఆమె కుట్టిన కాలర్ల మూలలు కత్తి మొనల్లా వచ్చాయి.

మధ్యాహ్నం టీ గంట మోగింది. బండి రాలేదు.

లిఫ్టు తలుపు తెరుచుకోలేదు. గడియారం మణికట్టు ఎత్తాడు, దించాడు. ఆడవాళ్ళు మెడలు తిప్పి చూశారు. అప్పుడు కింద నుంచి డ్రమ్ము మీద గరిటెతో కొడుతున్న చప్పుడు వచ్చింది. టంగు, టంగు, టంగు.

అందరూ కిటికీల దగ్గరికి పోయారు. ఆవరణ చివర, మూసేసిన క్యాంటీను గోడ నీడలో బండి నిలబడి ఉంది. పక్కన చిన్నది, నడుముకి ఏప్రను, చేతిలో గరిటె.

గడియారం కిటికీలోంచి సగం ఒళ్ళు బయటికి పెట్టాడు. "ఏయ్! పైకి తీసుకురా!"

"తేలేను సార్!"

"ఎందుకు తేలేవు?"

"హాల్లో కప్పు కనబడకూడదని పెద్దసారు అన్నారు కదా! కప్పు లేకుండా టీ ఎలా పొయ్యను? దోసిళ్ళలో పొయ్యమంటారా?"

హాలు ఘొల్లుమంది. గడియారం చుట్టూ చూశాడు.

"నిన్నటిలా కింద పెట్టుకుని తాగుతారు. తీసుకురా!"

"అలా ఆయన అనలేదు సార్! హాలంతా విన్నారు. మీరూ విన్నారు. ఆయన్నే ఇంకోసారి అడిగి రండి. ఈలోపు వీళ్ళు తాగొస్తారు!"

మేనేజరు దగ్గరికి వెళ్ళి 'మీ మాటకి అర్థమేంటి సార్' అని అడగడం ఏ సూపర్‌వైజరుకైనా తన గొయ్యి తాను తవ్వుకోవడమే. గడియారం కదల్లేదు. కదిలింది బొత్తాల పిన్ని. నడుము మీద చెయ్యేసుకుని, మిషను స్విచ్చు కట్టేసి, మెట్ల వైపు నడిచింది. ఆమె వెనక జేబుల పిల్ల. ఆ వెనక వరసకి వరస. మిషన్లు ఒక్కొక్కటే ఆగుతుంటే హాలు మెల్లగా నిశ్శబ్దమైంది. సోమవారం నుంచి టీ టైములో ఆ హాల్లో ఆఖరి మిషను కూడా ఆగడం అదే మొదటిసారి.

కాలరక్క అందరికన్నా వెనక లేచింది. మెట్ల నిండా మనుషులు, మాటలు, మోకాళ్ళ మీద ఫిర్యాదులు. "అబ్బా, నాలుగు రోజులకే పిక్కలు తుప్పు పట్టాయే!" "తుప్పు కాదే, కొవ్వు." "నీ నోట్లో మాత్రం తుప్పు లేదు." ఆవరణలోకి వచ్చేసరికి ఎండ ముఖం మీద కొట్టింది. గుంపు బండి వైపు తిరిగితే కాలరక్క గేటు వైపు తిరిగింది. నాలుగడుగులు వేసి, పక్కన ఎవరో ఉన్నారని చూస్తే, జేబుల పిల్ల.

"నువ్వెక్కడికే?"

"చెప్పులు పడుతున్నాయో లేదో చూద్దామని." ఆ పిల్ల కాస్త ఆయాసపడుతోంది. "కొంచెం మెల్లగా నడువక్కా. నీకు అలవాటు, నాకేంటి!"

గేటు ముట్టి తిరిగొచ్చేసరికి మరో అరడజను మంది ఎదురొచ్చారు, కప్పులు పట్టుకునే. బండి దగ్గర చిన్నది నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని చకచకా పోస్తోంది.

"నీకేమైనా అవుతుందేమో" అంది కాలరక్క గొంతు తగ్గించి. "మేనేజరు ఏమంటాడో."

"ఏమంటాడు? ఆయన మాటే పాటించాను. బండి ఉంది, పని ఉంది. ఎక్కడ నిలబెట్టాలన్నది తోసేవాళ్ళ ఇష్టం." తోటికోడలి కళ్ళలోకి సూటిగా చూసింది. "పైగా రేపట్నుంచి ఈ గోడ దగ్గర కాదు. ఇక్కడ మధ్యాహ్నం నీడ ఒక పక్కే ఉంటుంది. గేటు అవతల, సరుకుల షెడ్డు కింద పెడతాను."

"అంత దూరమా?" అంది బొత్తాల పిన్ని కప్పులోంచి తలెత్తి.

"ఏం పిన్నీ, నడవలేవా?"

"నోరు మూసుకుని ఇంకో కప్పు పొయ్యవే" అంది పిన్ని. పోయించుకుని, అది పట్టుకుని, తొణక్కుండా గేటు వైపు నడక మొదలుపెట్టింది, దూరం ఎంతో కొలిచి చూడ్డానికి.